గాజులకొట్టు బోర్డు

ఖాసిం పీరాకు రెండు కొట్లు దొరికాయి. అతని కష్టమల్లా అదే. ఒకటే దొరికి ఉంటే అల్లా దయ అనుకుని తాళంచెవి పుచ్చుకునేవాడు.

పదిహేనేళ్ళుగా అతను గాజుల మలారం భుజాన వేసుకుని కంబాలపేట చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగాడు. మలారం మోయడమంటే మాటలు కాదు. తాళ్ళకు గుచ్చిన గాజులన్నీ ఒక్క మోపుగా భుజం మీద వేలాడుతుంటాయి. కాలు జారిందంటే నెల్లాళ్ళ కష్టం నేలపాలు. ఆ బరువుకు అతని కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. పోయిన వానాకాలం నుంచి ఆ చెయ్యి తలపైకి లేవడమే మానేసింది. ఇప్పుడు కొట్టు పెట్టుకుంటే బతుకుతాడు. పెట్టిన కొట్టు నడవకపోతే మళ్ళీ మలారం ఎత్తడానికి భుజం లేదు. దాచుకున్నది ఒక్క కొట్టుకే చాలుతుంది. అందుకే పాపం, నిద్రపట్టేది కాదు.

మొదటి కొట్టు చెంచయ్య శెట్టిది. మూడు దారులు కలిసే కూడలిలో, టీకొట్టుకు ఎదురుగా ఉంది. ఊళ్ళో ఎవరు ఎటు పోవాలన్నా దాని ముందు నుంచే పోవాలి. శుక్రవారం నమాజయ్యాక వస్తే కాగితం రాసుకుందామని శెట్టి అన్నాడు.

రెండోది ఓబుళమ్మ అనే ముసలామెది. నూనెగానుగ వెనక సందులో, మలుపు తిరిగాక, ఆమె ఇంటి ముందుగది. అక్కడొక గది ఉందని దారిన పోయేవాడికి తెలియనే తెలియదు. పిల్లి పిల్లల్ని పెట్టుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదని ఖాసిం మొదటి చూపులోనే తేల్చేశాడు.

తేల్చేసి బోర్డు కూడా రాయించాడు. ఆరడుగుల వేపచెక్క, పచ్చరంగు మీద పసుపుపచ్చ అక్షరాలు: ఖాసిం పీరా గాజుల కొట్టు. దాన్ని చూసుకున్నప్పుడల్లా అతని కళ్ళు చెమర్చేవి. తప్పేముంది? పదిహేనేళ్ళూ "ఓ గాజులాయనా" అని పిలిచినవాళ్ళే తప్ప పేరేమిటని అడిగినవాళ్ళు లేరు.

భార్య మాబున్నీ మాత్రం కూడలి కొట్టు గురించి ఒకే ఒక్క మాట అడిగింది, అక్కడ కూర్చోవడానికి చోటుందా అని. గాజులకు వచ్చేవాళ్ళకు పీటలు వేసి విస్తళ్ళు పరుస్తామా, నిలబడి కొనుక్కుపోతారని ఖాసిం కసురుకున్నాడు.  కసిరాడే గానీ ఆ మాట అతన్ని ముల్లులా పొడిచింది. మర్నాడు గుట్ట మీది దర్గాకు బయలుదేరాడు.

ఆ దర్గాలో బుడన్ షా అనే ముసలి ఫకీరు ఉండేవాడు. ఖాసిం చిన్నప్పుడే ఆయన చేతిలో చెయ్యి పెట్టి శిష్యుడయ్యాడు. ఖాసిం వెళ్ళేసరికి ఆయన చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాడు. ఖాసిం రెండు కొట్ల సంగతీ చెప్పాడు. చెప్పడమైతే రెండింటి గురించీ చెప్పాడు గానీ, కూడలి కొట్టు గురించి చెప్పేటప్పుడు గొంతు లేచేది, సందు గది దగ్గరికొచ్చేసరికి అణిగిపోయేది.

"కూడలిలో అయితే అందరికీ కనబడతాం బాబా" అని ముగించాడు.

బుడన్ షా ఒక రాయి ఏరి పక్కన పెట్టాడు. "బోర్డు రాయించినావా?"

"రాయించినా బాబా."

ముసలాయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. సలహాకని గుట్ట ఎక్కేవాళ్ళలో ముప్పాతిక మంది 'ఊ' అనిపించుకుపోవడానికే వస్తారని ఆయనకు తెలుసు. రేపు సంత కదా, మలారం తీసుకుని కూడలికి రా, నేనూ వస్తానని చెప్పి మళ్ళీ చేటలోకి తలవంచాడు.

సంతనాడు కూడలి కిటకిటలాడుతోంది. ఖాసిం ఉషారుగా కొట్టు చూపించాడు. బోర్డు ఎక్కడ కట్టేదీ, దీపం ఎక్కడ వేలాడదీసేదీ చెప్పాడు. బుడన్ షా అంతా విని, తలాడించి, కొట్టు ముందు మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత చొక్కా చెయ్యి మోచేతిదాకా లాక్కుని, ముడతలు పడ్డ చేతిని ముందుకు చాపాడు.

"గాజులు వెయ్యి."

ఖాసిం చుట్టూ చూశాడు. చేతకాని మగవాణ్ణి గాజులు తొడుక్కోమని తిట్టే ఊరది. గురువుకు నడివీధిలో గాజులు తొడగడమా? కాని చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. మలారం దించి, కిందే కూర్చుని, ఆ చేతిని అందుకున్నాడు.

గాజు తొడగడం ఒక విద్య. ముందు పిడికిలి మెత్తగా పిసకాలి. బొటనవేలి ఎముకను లోపలికి మడవాలి. ఎదుటిమనిషికి ఏదో ఒక కబురు చెబుతూ ఉండాలి. ఆ కబురు అయిపోయేసరికి గాజు మణికట్టు దగ్గరుండాలి. అలా తొడిగితే నొప్పి సగం తెలియదు. ఆ విద్యలో ఖాసింను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆవేళ అతని నోట కబురు పుట్టలేదు. టీకొట్టు దగ్గరున్నవాళ్ళు గ్లాసులు పట్టుకునే వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఫకీరుకు పెళ్ళి కుదిరిందని ఒకడన్నాడు. పచ్చవి కాదు ఎర్రవి వెయ్యమని ఇంకొకడన్నాడు. మొదటి గాజు పిడికిలి దగ్గరే పుటుక్కుమంది. రెండోదీ విరిగింది. మూడోది ఎక్కింది గానీ, విరిగినదాని ముక్క గీసుకుని ముసలాయన చేతిమీద నెత్తురు చిమ్మింది. ఆయన పెదవి బిగబట్టాడు. ఆ పెదవి బిగబట్టడం చూడటానికి వెనకున్నవాళ్ళు మునికాళ్ళ మీద లేచారు.

అప్పుడే ఖాసిం తలెత్తితే సుంకులమ్మ కనబడింది. పదేళ్ళుగా ఆమె ఇంటిల్లిపాదికీ గాజులు వేసింది అతనే. పక్కన కడుపుతో ఉన్న కూతురు ఉంది. సుంకులమ్మ అతన్ని చూసింది, అతని మలారాన్ని చూసింది, చుట్టూ ఉన్న మగమూకను చూసింది. కొంగు తలమీదికి లాక్కుని, కూతురి రెక్క పట్టుకుని, ఎవరో తెలియనట్టే గానుగ వైపు వెళ్ళిపోయింది.

ఖాసింకు ఏడుపొచ్చినంత పనయింది. "బాబా, లోపలికి పోదాం" అన్నాడు మెల్లగా.

"ఎందుకు నాయనా? ఇక్కడైతే అందరికీ కనబడతామంటివి కదా."

ఖాసిం విరిగిన గాజుముక్కలు ఏరసాగాడు. బుడన్ షా లేచి, వచ్చినవాళ్ళం ఆ రెండోది కూడా చూసిపోదాం పదమన్నాడు.

సందు మలుపు తిరగ్గానే సంత గోల వినబడటం తగ్గింది. ఓబుళమ్మ ముందుగదిలో గోడకు ఆనుకుని సుంకులమ్మా, ఆమె కూతురూ కూర్చుని ఉన్నారు. ఓబుళమ్మ ఇచ్చిన చెంబుడు నీళ్ళు వాళ్ళ మధ్య ఉన్నాయి. ఖాసింను చూసి సుంకులమ్మ తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

"ఆ మూక పోయినాక పిలుద్దామని ఈడ కూచున్నామన్నా" అంది. "శ్రీమంతం రేపే. పిల్లకు రెండు చేతులకూ వెయ్యాల."

బుడన్ షా గదిలోకి రాలేదు. గడప బయట, సందు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఖాసిం పిల్ల చెయ్యి అందుకున్నాడు. కబురు దానంతటదే వచ్చింది. పెళ్ళికొడుకు మెడలో దండను మేక తినేసిన కథ అది. పిల్ల నవ్వింది. నవ్వుతూనే గోడవైపు మొహం తిప్పుకుంది, కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. నొప్పిగా ఉందా తల్లీ అని అడిగితే లేదని తలూపింది. ఆ ఏడుపు గాజుల నొప్పికి కాదని ఖాసింకు తెలిసింది. చెయ్యి పట్టుకున్నవాడికి అది తెలుస్తుంది. సుంకులమ్మ చెంబులోకి చూస్తూ కూర్చుంది. అతను ఏమీ అడగకుండా మేక కథను ఇంకాస్త సాగదీశాడు. రెండు చేతులూ నిండాయి, ఒక్క గాజూ విరగలేదు.

వాళ్ళు వెళ్ళాక ఖాసిం బయటికొచ్చి, గురువు చేతికున్న ఆ ఒక్క గాజును తీసేయబోయాడు.

"ఉండనీ, నీ మొదటి బేరం" అని ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

శుక్రవారం నమాజయ్యాక చెంచయ్య శెట్టి కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. ఖాసిం వెళ్ళి, తనకు ఆ కొట్టు వద్దని దండం పెట్టి చెప్పాడు. నీకేమైనా మతి పోయిందా అన్నాడు శెట్టి. మరుసటి వారానికల్లా అందులో సోడాల దుకాణం వెలిసింది. దాని సంగతి మనకెందుకు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం బుడన్ షా సందులోకి వచ్చాడు. ఖాసిం కొట్టు తెరిచే ఉంది గానీ వాకిలి మీద బోర్డు లేదు. ఒక పాత చీర తెరగా వేలాడుతోంది. ఎవరు లోపలున్నదీ తెలియదు, నవ్వులు మాత్రం వినబడుతున్నాయి. ఆయన గొంతు సవరించుకుని, రమ్మన్నాక లోపలికి వెళ్ళాడు.

గోడవారగా అటూ ఇటూ ఇటుకలు పేర్చి, వాటిమీద పొడుగాటి చెక్క వేసి, పైన దుప్పటి పరిచి ఉంది. దానిమీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. మాబున్నీ ఒక మూల నేలమీద గాజులు రంగుల వారీగా తాళ్ళకు గుచ్చుతోంది. ఆయన్ను చూసి ఆడవాళ్ళు కాస్త జరిగారు. ఆయన చెక్క చివర కూర్చుని, అంచు పట్టుకోవడానికి చెయ్యి కింద పెట్టాడు. వేళ్ళకు దళసరిగా రంగు తగిలింది. ఆ వేళ్ళు అక్షరం వెంట అక్షరం మెల్లగా జరుగుతూ ఉంటే మణికట్టు మీది పచ్చగాజు ఇటుకకు తగిలి టింగుమంది.

ఎదురుగా కూర్చుని గాజులు తొడుగుతున్న ఖాసిం, పట్టుకున్న చెయ్యి వదలకుండానే ఆయన వైపు చూశాడు.

"బోర్డు పెద్దదే చేయించినావు నాయనా" అన్నాడు బుడన్ షా. "ఇంకో ఇద్దరు కూచోవచ్చు."