వెల్లచేతులమ్మ వాకిలి

రండి తల్లీ, దగ్గరగా జరిగి కూర్చోండి. కొండ ఎక్కిన ఆయాసం తీరేలోగా అమ్మ కథ విందురు గాని. గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

మీరు దాటి వచ్చింది వెల్లచేతుల దుర్గం తూర్పు వాకిలి. ఆ ఇనుపమేకుల తలుపు మీద తెల్లని అరచేతి గుర్తులు చూశారు గదా. బయటివైపువి భక్తులు వేసినవి. లోపలివైపు ఒక్కటే ఉంది. దాన్ని మనుషులెవరూ వేయలేదు.

పూర్వం ఇక్కడ కోటగోడ లేస్తున్న కాలంలో, ఓబులమ్మ అనే ఆమె కింది బట్టీల నుంచి తట్టతో సున్నం మోసేది. వాకిలి కావలి బోయ తిమ్మప్పది. పగటివేళ ఇద్దరూ వదినా మరిదీ అని వరసలు కలుపుకొని ఎకసెక్కాలాడుకునేవారు. శత్రుభయం వల్ల దుర్గాధిపతి ఆన ఒకటుండేది: సందెనగారా మోగి గడియ పడ్డాక ఎవరి కోసమూ తలుపు తీయరాదు.

ఒకనాడు గడియ పడ్డాక తలుపు మీద చప్పుడైంది.

"మరిదీ, నేనే. ఆఖరి తట్ట. చిరుత వెంట వస్తోంది, తలుపు తియ్."

"తీస్తే నా తల తీస్తారు వదినా."

"ఆ తల దాచుకునే గోడకు సున్నం మోసింది ఎవరయ్యా?"

తిమ్మప్ప గడియ తీయలేదు. తెల్లవారి చూస్తే బయట తట్ట ఉంది, ఓబులమ్మ లేదు. తలుపు లోపలివైపు మాత్రం తడి ఆరని సున్నపు చెయ్యి ఉంది.

మరునాటి సందెకు అదే చెయ్యి వీధి మొదటి ఇంటి తలుపు మీద కనబడింది. ఆపైన పక్కింటి మీద. చెయ్యి పడిన తలుపు మళ్లీ తెరుచుకునేది కాదు. లోపలివారిని పైకప్పు విప్పి తీయవలసి వచ్చేది. చివరికి తిమ్మప్ప ఇంటి వంతు వచ్చింది. లోపల బాలింత కూతురు గంగులమ్మ, పసిగుడ్డు. అది రాతిమిద్దె, విప్పడానికి లేదు. గొడ్డలి వేసినా తలుపుకు గాటు పడలేదు. గుమ్మం ముందే కూలబడి కునుకు తీసిన తిమ్మప్పకు కలలో మాట వినబడింది: "తీయలేదని కోపం లేదు మరిదీ. లోపలికి రమ్మని ఒక్కరూ అనలేదు."

ఆ సందె నగారా మోగాక తిమ్మప్ప తలకు తెగించి వాకిలి బార్లా తెరిచాడు. మసకబారుతున్న దారికేసి, "వదినా, పొద్దుపోయింది, లోపలికి రా" అని పిలిచాడు. ఎవరూ రాలేదు. దుమ్ములో తెల్లని అడుగులు ఒకటొకటిగా పడుతూ, అతని పక్కనుంచి సాగి, ఇదిగో, ఇప్పుడు అమ్మ కొలువున్న ఈ గూటి దగ్గర ఆగిపోయాయి. ఆ వేళకే గంగులమ్మ బిడ్డనెత్తుకొని వీధిలోకి వచ్చింది. "ఎవరో అత్త గడియ తీసింది నాయనా. చేతినిండా సున్నం" అంది. అడుగులు చూసిన దుర్గాధిపతి తన ఆన మార్చుకున్నాడు.

నేటికీ తిమ్మప్ప వంశంవారు తలుపు మూసే ముందు అదే మాటతో పిలిచి, ఒక మనిషి నడిచి వచ్చేంత సేపు ఆగుతారు. ఆ కాసేపు వాకిట్లో ఎవరూ అడ్డం నిలవరు. దూరాన ఉన్నవారి కోసం సున్నపు చెయ్యి వేసి మొక్కుకుంటే, వారిని అమ్మ క్షేమంగా ఇల్లు చేరుస్తుంది.

ఒక్కటి మనసులో పెట్టుకోండి నాయనా. ఇంటికి వెళ్లాక, సందెవేళ గడియ వేసే ముందు బయటికి చూసి ఒకసారి లోపలికి రమ్మనండి. ఎవరూ కనబడకపోయినా రమ్మనండి. పిలిచాక, కాస్త పక్కకు జరగండి.