దోషం పోవడానికి ఒక షాట్

భద్రయ్య మాస్టారు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పేవారు కారు. వక్కపలుకు నోట్లో వేసుకుని, అది నానేదాకా అడిగినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టేవారు. ఈలోగా సగంమంది తమ ప్రశ్నలోనే ఏదో లొసుగు ఉందని గ్రహించి, దణ్ణం పెట్టి లేచిపోయేవారు. ఆ రోజు నిరంజన్ మాత్రం లేవలేదు.

మాస్టారి దగ్గర నటన నేర్చుకున్నవాళ్లలో పేరు మోగిపోతున్నది ఇతనిదే. మగపిల్లాడిగా పుట్టి, తాను ఆడదాన్నని తెలుసుకుని, ఇల్లు విడిచి బతికిన ఒక మనిషి కథలో ఆ మనిషిగా నటించాడు. మగాడు చీర కట్టి తెరమీదికి వస్తే అన్నేళ్లుగా ఈలలు వేసి పొట్ట పట్టుకుని నవ్విన జనమే ఈసారి వెక్కి వెక్కి ఏడ్చారు. ఏడ్చి, బయటికొచ్చి బజ్జీలు తిన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఆ చీరకట్టు, ఆ నడక, వీధిలో పదిమంది గుచ్చి చూస్తుంటే తల దించకుండా పోవడం, ఇవన్నీ అతనికి నేర్పింది రాజ్యం. ఆవిడ బతుకూ ఆ కథలాంటిదే. బోరబండలో జాకెట్లు కుట్టుకుంటుంది. నలభై రోజులు మిషను పక్కన పెట్టి వచ్చి నేర్పింది. నిరంజన్ ఆవిణ్ణి అక్కా అన్నాడు, ఆవిడ తెచ్చిన చేపల పులుసు లొట్టలేసుకుని తిన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం కాదు. ఆదివారం తనకు జరగబోయే అభినందన సభలో ఆవిణ్ణి వేదిక ఎక్కించి కాళ్లకు దణ్ణం పెట్టాలని అతని కోరిక. ఆవిడ రానంది. పంపిన పట్టుచీర మడత విప్పకుండా తిప్పి పంపింది. మూడుసార్లు ఇంటికి వెళితే మూడుసార్లూ తలుపు తీయలేదు.

“నేను చేసిన తప్పేంటి మాస్టారూ? సినిమాలో ఆవిణ్ణి కించపరిచే మాట ఒక్కటి లేదు. ఆవిడ కూడా చూసి ఏడ్చిందట. మరి నా మొహం చూడనంటుందేంటి?” అన్నాడు నిరంజన్.

మాస్టారు వక్కను దవడకు తోసి, “నేనొకసారి శవం వేషం వేశాను” అని మొదలుపెట్టారు.

ఆయన సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసే రోజులవి. ఆయన పాడెమీద పడుకోవాలి, భార్య వేషం వేసిన కొత్త పిల్ల బొట్టు చెరుపుకుని పక్కన కూలబడాలి. ఆ పిల్లకి కన్నీళ్లు వస్తున్నాయి గానీ కూలబడటం రావడం లేదు. కాస్ట్యూమ్స్ చూసే అంకమ్మ మొగుడు పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఆవిడే ముందుకొచ్చి నేలమీద కూర్చుని చూపించింది, మోకాళ్లు ఎటు పోతాయో, చేతులు ఎక్కడ వదిలేస్తారో. ఆ తర్వాత షాట్ ఒక్క టేకులో అయిపోయింది.

సినిమావాళ్లకి ఒక ఆచారముంది. శవంగా పడుకున్నవాడు లేవగానే కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు తీస్తేగాని అపశకునం పోదు. భద్రయ్య గారు లేచి పళ్లన్నీ కనబడేలా నవ్వారు. ఆ పిల్లకీ వెంటనే బొట్టు పెట్టమని మేనేజరు కేకేశాడు. కుంకుమ భరిణె అంకమ్మ చేతిలోనే ఉంది. తను నేర్పిన పిల్ల అంత బాగా చేసిందన్న మురిపెంతో బొట్టు పెట్టబోయింది. మేనేజరు భరిణె అందుకుని, “నువ్వు కాదమ్మా, కాస్త అటు తప్పుకో. పిల్లకి ఎదురుగా ఉండకు” అన్నాడు.

“తప్పుకుందా?”

“తప్పుకుంది. నేనింకా నవ్వుతూనే ఉన్నాను, షాట్ బాగా వచ్చిందని.”

“పాపం. ఆ రోజుల్లో మనుషులు అలా ఉండేవాళ్లు మాస్టారూ.”

మాస్టారు వక్కను రెండో దవడకు మార్చారు. “నీ ఆఖరి షాట్ అయ్యాక ఏం తీశారు?” అని అడిగారు.

చెప్పబోయి నిరంజన్ ఆగిపోయాడు. ఆ రోజు వాళ్ల మేనేజరు వచ్చి, ఇన్నాళ్లూ ఆ వేషంలో ఉన్నారు, దోషం పోవాలి, ఒక్క షాట్ ఇవ్వండి సార్ అన్నాడు. చీర విప్పించి పంచె కట్టించారు. ఇంత లావు మీసం అంటించారు. అతను కెమెరాముందు తొడగొట్టి, మీసం మెలేసి, పగలబడి నవ్వాడు. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. ఎదురుగా దిష్టి తీస్తున్నది రాజ్యమే. ఆవిడ చేత్తో హారతి ఇప్పిస్తే కలిసొస్తుందని వాళ్లే పనిగట్టుకుని పిలిపించారు. ఆవిడ పళ్లెం తిప్పింది, కర్పూరం ఆరేదాకా నిలబడింది, పళ్లెం కింద పెట్టి ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయింది. వెళ్లిందని అతను గమనించనైనా లేదు. శవం వేషానికి చేసే శాంతి తనకు చేయించుకున్నాడు, అదీ ఆవిడ కళ్లముందు, ఆవిడ చేతి హారతితో.

“అందరూ సరదాకి చేశారు మాస్టారూ. ఎవరి మనసులోనూ చెడు లేదు.”

“అంకమ్మని కూడా ఎవరూ తిట్టలేదురా. అమ్మా అనే అన్నారు.”

నిరంజన్ తల దించుకున్నాడు. ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. మాస్టారి చేతులు పట్టుకుని, “నాకు సాయం చేయండి. మీరు చెబితే అక్క వింటుంది. ఎలాగైనా ఆదివారం తీసుకురండి. సభలో, అంతమంది ముందు, ఆవిడ కాళ్లమీద పడి క్షమించమని అడుగుతాను” అన్నాడు.

మాస్టారు మెల్లిగా చేతులు విడిపించుకుని, లేచి, కిటికీలోంచి వక్క ఉమ్మి వచ్చారు.

“అక్కడా కెమెరాలుంటాయి కదరా” అన్నారు.