రెండు మంచి గుడ్లు

నరహరి మాస్టారు తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. అయినా ఎవరైనా ప్రశ్న అడిగితే వాదించరు. "పద, చూసొద్దాం" అంటారు. విజయనగరం అవతల ఆ చిన్న పట్నంలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు.

ఒక ఆదివారం పొద్దున్న శిష్యురాలు చంద్రిక ఆయన దగ్గరికి వచ్చింది. ఊరివాళ్ళ కోసం ఫేస్‌బుక్‌లో ఆమె ఒక గ్రూపు నడుపుతోంది. పదకొండు వేలమంది సభ్యులు. ఏ పోస్టు ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చవలసింది ఆమే.

"మాస్టారూ, వేసవిలో తమ వీధి కుళాయి నీళ్ళు కంపు కొడుతున్నాయని ఒకాయన రాస్తే, రుజువు లేదని తీసేశాను. వారం తిరక్కుండా ఆ వీధిలో సగంమంది జబ్బుపడ్డారు. ఇక ఎవరి నోరూ నొక్కకూడదనుకున్నాను. మొన్న ఇంకొకాయన, బడిలో వంటమనిషి మధ్యాహ్నం పిల్లలకు పెట్టే గుడ్లు ఇంటికి పట్టుకుపోతోందని పేరు పెట్టి రాశాడు. ఉంచేశాను. నాలుగు రోజులుగా ఆవిడ గడప దాటలేదట. నేనేం చెయ్యాలి?"

"ఆవిణ్ణి చూశావా?"

"లేదండీ."

మాస్టారు కండువా భుజాన వేసుకున్నారు.

ఆవిడ పేరు అప్పలనరసమ్మ. ఇంట్లో తనూ, పదో తరగతి చదివే కూతురూ. చంద్రిక తానెవరో చెప్పి, "ఆ పోస్టు ఇప్పుడే తీసేస్తానమ్మా" అంది.

అప్పలనరసమ్మ మెల్లగా అంది: "ఊరంతా సదివీసినాక తీసెత్తే ఏటొత్తాదమ్మా? దాసీసినారంతారు. ఆడు రాసిన కాడే నా మాటా రాయి. నాకు రాత రాదు."

ఆవిడ చెబుతుంటే చంద్రిక ఫోనులో రాసింది. పగిలిన గుడ్లు పారేసే బదులు పట్టుకెళ్ళమని హెడ్మాస్టరే అన్నాడు. ఆరు నెలలుగా అవే పట్టుకెళ్తోంది.

"మంచివి కూడా రెండు అట్టుకెల్లినాను. ఒక్కపాలి. పిల్లకి టైఫాయిడ్ వచ్చినప్పుడు. అదీ రాయి."

చంద్రిక చెయ్యి ఆగిపోయింది. "అది చెప్పకపోయినా పరవాలేదమ్మా" అని మాస్టారి వైపు చూసింది. ఆయన గోడమీది క్యాలెండరు చూస్తున్నారు.

"నిజమే గదా" అంది అప్పలనరసమ్మ.

చంద్రిక అదీ రాసి ఆ పోస్టు కిందే పెట్టింది. పావుగంటలో దానికింద జవాబులు మొదలయ్యాయి. పగిలిన గుడ్ల మాట నిజమేనని హెడ్మాస్టరు రాశాడు. ఒకరిద్దరు పాపం అన్నారు. ఒకడు "ఒప్పుకున్న దొంగ" అన్నాడు. ఇంకొకడు కూతురి పేరు రాసి, దొంగసొమ్ము తిని పెరిగిన పిల్ల ఎలా తయారవుతుందో చూద్దామన్నాడు. ఆవిడ అన్నీ చదవమంటే చంద్రిక తడబడుతూ చదివింది. చివరి రెండూ తీసెయ్యబోతే అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుంది.

"నన్నన్నది ఉండనీ. జవాబు నానిచ్చుకుంతాను. పిల్లనన్నది తీసీ."

చంద్రిక అలాగే చేసింది. లోపలి గదిలో అంతా విన్న కూతురు గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

బుధవారం బడి కమిటీ కూర్చుంది. అప్పలనరసమ్మను పనిలోంచి తియ్యలేదు. ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గరున్న సరుకుల గది తాళం మాత్రం ఇంకొకామె చేతికిచ్చారు. మర్నాడు అప్పలనరసమ్మ తలెత్తుకునే వంటకు వెళ్ళింది. కూతురు బడికి రానంది.

ఆ సాయంత్రం చంద్రిక మళ్ళీ మాస్టారి దగ్గరికి వచ్చింది.

"ఆవిడ నిజం చెప్పింది, తాళం పోయింది. ఆవిడ తియ్యమన్నది తీశాను, ఆ పిల్ల బయటికి రావడం లేదు. తీసేసినందుకు అది రాసినవాడు, 'నా మాట తుడిచెయ్యడానికి నువ్వెవరివి?' అని అడుగుతున్నాడు. నీళ్ళ పోస్టు తీసిన రోజున నాకు అన్నీ తెలుసనుకున్నాను మాస్టారూ. ఇప్పుడు ఏదీ తెలియదనిపిస్తోంది."

మాస్టారు ఆమె ముఖంలోకి చూశారు.

"అలా అనిపించినన్నాళ్ళూ ఆ గ్రూపు పని నువ్వే చెయ్యి" అన్నారు.