చిన్నాన్న పిక్క, పరిహారం కుక్క

మా ఇంట్లో తెలివికి లోటు లేదు. ఇది నా మాట కాదు, మా నాయనమ్మ సన్యాసమ్మ రోజూ పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వీధంతా వినేలా చెప్పే మాట. "ఊళ్ళో వాళ్ళు చెప్పింది సగం వింటారు, అందులో సగం చేస్తారు. మేం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదీ!"

నిజమే. మా పెదనాన్న అప్పలసూరి ఒకసారి బ్యాంకుకి వెళ్తే తలుపు మీద 'నెట్టుము' అని రాసి ఉంది. నెట్టాడు. తెరుచుకుంది. ఇంకా నెడుతూనే ఉన్నాడు. సాయంత్రం వాచ్‌మన్ తాళం వెయ్యడానికి వచ్చి "ఇంక వదులు బాబూ" అంటే, "ఆపమని ఎక్కడుంది?" అన్నాడు. వాచ్‌మన్ తలుపంతా వెతికాడు. ఎక్కడా లేదు. పెదనాన్న గెలిచాడు.

అలాంటి ఇంట్లో మా చిన్నాన్న పైడయ్యని కుక్క కరిచింది.

చిన్నాన్న పీచుమిఠాయి అమ్ముతాడు. బండి మీద ఒక మిషను ఉంటుంది. కాలితో తొక్కితే చక్రం తిరుగుతుంది, పంచదార గులాబీ రంగు పీచై పైకి లేస్తుంది. ఆ రోజు చేపల బజారు మలుపులో ఒక గోధుమరంగు కుక్క వచ్చి కుడి పిక్క పట్టుకుంది. అంతే! చిన్నాన్న పడ్డాడు, ఆయన మీద బండి పడింది, మిషను చక్రం రెండు ముక్కలైంది. ఇరవై రోజుల్లో అమ్మవారి తిరునాళ్ళ. ఆ మూడు రోజులు మిఠాయి అమ్మితేనే మా పొయ్యి ఏడాదంతా వెలుగుతుంది. చక్రం లేదంటే మిఠాయి లేదు.

మా వీధిలోనే ఉండే నర్సు రిబ్కమ్మగారు అరుగు మీంచి కేకేసింది. "ఒరే పైడయ్యా, కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి రా!"

మా కుళాయి పది నిమిషాలే వస్తుంది. కడుగుతుండగానే ఆగిపోయింది. చిన్నాన్న నురగ కాలు గాల్లో ఎత్తి అలాగే నిలబడ్డాడు.

"పద మరి," అంది రిబ్కమ్మగారు.

"ఇంకా అయిదు నిమిషాలు బాకీ ఉందండి. రేపు కుళాయి వచ్చాక కడిగేసి వచ్చేస్తాను."

ఆవిడ మా ఇంటి తాగునీళ్ళ బిందె తెచ్చి కాలి మీద కుమ్మరించి, చెవి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. మొదటి సూది వేసి చెప్పింది. "తారీఖు తప్పకుండా మిగతా సూదులకి రావాలి. ఆ కుక్కని పది రోజులు కనిపెట్టి చూడండి. దానికేమైనా తేడా చేస్తే వెంటనే నాకు చెప్పండి."

ఇంకేముంది, కనిపెట్టి చూడ్డం మొదలెట్టాం. పెదనాన్న రెప్ప వెయ్యకుండా చూస్తే, రెప్ప పడే టైముకి నేను అందుకునేదాన్ని. కుక్క మాంసం కొట్టుకెళ్తే మేమూ వెళ్ళాం. కాలవలో దిగితే పెదనాన్న దిగాడు. మూడు కుక్కలతో దెబ్బలాడితే పెదనాన్న మన కుక్క పక్షాన నిలబడ్డాడు. సాయంత్రానికి నాయనమ్మకి విసుగొచ్చింది. "దాన్నే ఇంటికి తెచ్చి కట్టేస్తే కూర్చుని చూడొచ్చు కదరా!" తెచ్చి కట్టేశాం. నాయనమ్మే దానికి అన్నంలో ఎండు చేప కలిపి పెట్టింది.

మర్నాడు చిన్నాన్నా నేనూ మునిసిపాలిటీకి వెళ్ళాం. గుమస్తా గారు మంచాయన. "వీధికుక్క కరిస్తే పరిహారం అడగొచ్చు. అది మీ హక్కు, ఎవరి దయా కాదు," అన్నాడు. "ఆసుపత్రి చీటీ, గాయం ఫోటో, చూసిన సాక్షి కావాలి. పంటి గాటుకి ఇంత అని లెక్క కడతారు. పళ్ళ లెక్క సరిగ్గా రాయండి. అర్జీలో ఏ గడీ ఖాళీగా వదలకూడదు."

ఇంటికొచ్చి చెప్పాం. పెదనాన్న చొక్కా చేతులు మడిచాడు. "పళ్ళ లెక్కే కదా!" అని పెరట్లోకి వెళ్ళాడు. కాసేపటికి కేక వినపడింది.

"ఎన్నున్నాయిరా?" అంది నాయనమ్మ.

"ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టానమ్మా. తర్వాత అది నోరు మూసేసింది."

"మరి చెయ్యి?"

"లోపలే ఉంది."

రిబ్కమ్మగారు పెదనాన్నకి సూది వేస్తూ, "లెక్కపెట్టాల్సింది పిక్క మీద గాట్లు బాబూ, కుక్క నోట్లో పళ్ళు కాదు!" అని నెత్తి కొట్టుకుంది. గాట్లు నాలుగు. రాశాం.

ఇక సాక్షి. నాయనమ్మని అడిగాం. "నేను చూళ్ళేదు, కేక విన్నానంతే. అబద్ధం సాక్ష్యం చెప్పను. మళ్ళీ కరిపించండి, చూసి చెప్తాను," అంది. సబబుగానే ఉంది. చిన్నాన్న లుంగీ ఎత్తి కుక్క ముందు పిక్క పెట్టాడు. అప్పటికి ఎనిమిది రోజులుగా ఎండు చేప తింటున్న కుక్క. ప్రేమగా నాకింది.

"నాకిందని సాక్ష్యం చెప్పనా?" అంది నాయనమ్మ.

"నాకుడికి ఏటిస్తారమ్మా!" అన్నాడు చిన్నాన్న ఏడుపు మొహంతో. చివరికి చేపల బజారులో రొయ్యలమ్మే గౌరమ్మ చూశానంది. హమ్మయ్య అనుకున్నాం.

ఈలోగా కుక్కకి పేరు పెట్టాం. పరిహారం. దేనికోసం ఉందో అదే పేరు, మరిచిపోకుండా. ఇంకేముంది, వీధిలో వాళ్ళు "పైడయ్యా, పరిహారం వచ్చిందా?" అంటే, "వచ్చింది, తినేసి పడుకుంది," అనేవాడు చిన్నాన్న.

పదో రోజున పశువుల ఆసుపత్రి వాళ్ళు కుక్కలకి ఉచితంగా టీకాలు వేశారు. మేమూ తీసుకెళ్ళాం. ఒక కార్డు ఇచ్చి నింపమన్నారు. ఒప్పుకోవాలి, ఈ పని చేసింది నేనే. ఇంట్లో దస్తూరీ బాగున్నది నాదే మరి. పేరు: పరిహారం. రంగు: గోధుమ. 'యజమాని' దగ్గర చెయ్యి ఆగింది. వీధికుక్కకి యజమాని ఎవరు? కానీ గుమస్తా గారు చెప్పాడు కదా, ఏ గడీ ఖాళీగా వదలకూడదని. ఎదురుగా చిన్నాన్న కనిపించాడు. 'పైడయ్య' అని గుండ్రంగా రాసి, కింద గీత కూడా గీశాను. కార్డు కుక్క మెడలో కట్టాం.

విచారణ రోజు కుక్కతో సహా వెళ్ళాం. కమిషనరు మేడమ్ చీటీ చూసింది, ఫోటో చూసింది, గౌరమ్మ మాట విన్నది. సంతకానికి కలం తీసింది. చిన్నాన్న అప్పుడే కిటికీలోంచి చక్రాలమ్మే కొట్టు వైపు చూస్తున్నాడు. అప్పుడు పరిహారం వెళ్ళి మేడమ్ ఒళ్ళో తల పెట్టింది. ఆవిడ దాని మెడలో కార్డు చదివింది. కలం ఆగింది.

"పైడయ్యా, వీధికుక్క కరిస్తే మునిసిపాలిటీ ఇస్తుంది. పెంపుడు కుక్క కరిస్తే దాని యజమానే ఇచ్చుకోవాలి. ఇక్కడ యజమాని నువ్వని ఉందే!" ఆవిడ నవ్వు ఆపుకుంటూ అంది. "సరే, కార్డు తారీఖు కరిచిన తర్వాతది. కరిచిన నాటికి ఇది వీధికుక్కేనని ఒక ముక్క రాసివ్వు, చాలు."

చిన్నాన్న కలం అందుకోబోయాడు. పెదనాన్న కట్టు చేత్తోనే ఆయన చెయ్యి పట్టేశాడు. "ఆగరా! కార్డు కింద అచ్చేశారు చూడు, 'దిద్దుబాట్లు చెల్లవు' అని. మనం చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళం!"

"కార్డు దిద్దమనలేదయ్యా, వేరే కాగితం..." అంటోంది మేడమ్.

"కార్డుకో మాట, కాగితానికో మాటా! మా వంశంలో లేదమ్మా," అని నాయనమ్మ లేచింది. "యజమాని ఇవ్వాలన్నారు. ఇస్తాడు. కేసు మనదే!"

అంతే, గెలిచినవాళ్ళలా ఇంటికొచ్చాం.

నాయనమ్మ రెండు పీటలు వేసింది. ఒకటి కరిపించుకున్నవాడికి, ఒకటి యజమానికి. చిన్నాన్న మొదటి పీట మీద కూర్చుని, "నా చక్రం సంగతేటి?" అని గట్టిగా అడిగాడు. లేచి రెండో పీట మీద కూర్చుని, "చేతిలో పైసా లేదు బాబూ," అన్నాడు. మళ్ళీ ఇటొచ్చి, "కోర్టుకెక్కుతాను!" అన్నాడు. అటెళ్ళి వణికాడు. "కోర్టు వద్దు. ఇంట్లో ఏదుంటే అది అమ్మి ఇచ్చేస్తాను."

ఇంట్లో ఉన్నది పీచుమిఠాయి మిషనే. పాత ఇనుముకి అమ్మేశాడు. వచ్చిన డబ్బు రెండో పీట మీంచి మొదటి పీటకి చేరింది. నేను రసీదు రాశాను, ఒక్క గడీ వదల్లేదు. ఆ డబ్బుతో చిన్నాన్న తళతళలాడే కొత్త చక్రం కొన్నాడు.

తిరునాళ్ళ నాడు చక్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దొర్లించుకుంటూ వెళ్ళాం. పిల్లలు చుట్టూ మూగారు. మిఠాయి ఏదన్నారు. చిన్నాన్న చక్రం గిర్రున తిప్పాడు. ఏమీ రాలేదు.

"చక్రానికి మిషను ఉండాలి కదరా," అన్నాడు పెదనాన్న, మా అందరిలోకీ ముందు తట్టింది ఆయనకే. "మిషను కొనాలంటే మళ్ళీ పరిహారం రావాలి."

పిలవకుండానే పరిహారం తోకాడించుకుంటూ వచ్చింది. పెదనాన్న చొక్కా చేతులు మడిచి, దాని నోరు తెరిచి, ముప్పై రెండు నుంచి మొదలెట్టాడు.