కాపలా బడిలో జాజి

అనగనగా ఒక అడవి అంచున పెద్ద గడ్డిమైదానం. అక్కడి గడ్డి ఎంత ఎత్తంటే, చిరుతపులి నిలబడినా దాని వీపు కనిపించేది కాదు. ఆ గడ్డిలోనే ఒక దుప్పుల మంద మేత మేస్తూ, ప్రతి చప్పుడుకూ ఉలిక్కిపడుతూ బతికేది.

ఆ మందలో జాజి అనే దుప్పిపిల్ల ఉండేది. దానికి పుట్టుకతోనే చెవులు వినపడవు.

దుప్పిపిల్లలకు అక్కడ ఒక బడి కూడా ఉంది. గవరయ్య మాస్టారు అనే ముసలి కొండముచ్చు మద్దిచెట్టు కొమ్మ మీద కూర్చుని పాఠం చెప్పేవారు.

"నేను గట్టిగా అరిచానంటే చిరుత వచ్చిందని అర్థం. వెంటనే వాగు వైపు పరుగెత్తాలి. గడ్డిలోకి మాత్రం పోకూడదు."

ఈ పాఠం వచ్చినవాళ్లకే పెద్దయ్యాక మందలో కాపలా పని దొరికేది.

ఒకరోజు జాజి తల్లి పైడమ్మ బిడ్డను వెంటబెట్టుకుని బడికి వచ్చింది.

"మాస్టారూ, నా బిడ్డను కూడా చేర్చుకోండి."

"దానికి వినపడదు కదమ్మా! నా పాఠమంతా అరుపుల్లోనే ఉంది. ఏం నేర్పను?"

"ఇంకోలా నేర్పండి బాబూ."

"ఒక్కదాని కోసం పాఠం మార్చమంటావా? నువ్వున్నావుగా, నీ పక్కనే తిప్పుకో."

"నేను పక్కన లేనప్పుడో?" అంది పైడమ్మ.

మాస్టారు మిగతా పిల్లల వైపు తిరిగి పాఠం మొదలుపెట్టారు.

అప్పటినుంచి జాజి తల్లి నీడలోనే పెరిగింది. గడ్డి కొరికిన ప్రతిసారీ తలెత్తి అమ్మ ముఖం చూసేది. అమ్మ చెవి కదిలితే చాలు, దాని ఒళ్లంతా వణికేది. మిగతా పిల్లలకు అరుపు వినపడినప్పుడే భయం. జాజికి ఎప్పుడూ భయమే.

ఒక మధ్యాహ్నం పైడమ్మ నీళ్లు తాగడానికి వాగు దగ్గరికి వెళ్లింది. జాజి తల వంచి మేస్తోంది. అప్పుడే మాస్టారు గట్టిగా అరిచారు. మందంతా ఒక్కసారిగా వాగు వైపు పరుగుతీసింది.

గిట్టల కింద నేల అదిరి జాజి తలెత్తింది. అప్పటికే చుట్టూ ఎవరూ లేరు!

గాలి లేదు. అయినా ఎదురుగా గడ్డి కదులుతోంది. ఎటు వెళ్లాలి? దానికి ఎవరూ చెప్పలేదు. దాక్కోవాలనుకుని దట్టమైన గడ్డిలోకే పరుగెత్తింది.

"అటు కాదు! అటు కాదమ్మా, వాగు వైపు!" మాస్టారు గొంతు చిరిగేలా అరిచారు. కానీ ఏం లాభం? జాజికి వినపడదు కదా!

గడ్డిలోంచి రెండు పచ్చని కళ్లు పైకి లేచాయి.

అంతలో పైడమ్మ దూసుకొచ్చింది. బిడ్డను తలతో ఒక్క తోపు తోసింది. చిరుత పంజా పైడమ్మ వెనక కాలి మీద పడింది. మాస్టారు గడ్డి మీదికి వాలిన కొమ్మ చివరకు దూకి, ఒక ఎండుకొమ్మ విరిచి చిరుత నెత్తిన పడేశారు. అది ఉలిక్కిపడి పట్టు వదిలింది. ఆ క్షణంలోనే పైడమ్మ నెత్తురోడుతూనే బిడ్డతో కలిసి వాగులో పడింది. ఎలాగో అవతలి ఒడ్డుకు చేరారు.

పైడమ్మ బతికింది. కానీ ఆ కాలు మళ్లీ సరిగా నేలకు ఆనలేదు.

ఆ సాయంత్రమే మాస్టారు చెట్టు దిగి వచ్చారు. పైడమ్మ గాయం పక్కన కూర్చున్నారు.

"నేర్పలేననుకున్నాను పైడమ్మా. నిజానికి పాఠం మార్చాలంటే భయపడి నేర్పాలనుకోలేదు. నీ బిడ్డకు నువ్వు ఏదైనా ఎలా చెబుతావు?"

"కాలితో నేలను తడతాను మాస్టారూ. ఆ అదురు దాని గిట్టలకు తెలుస్తుంది."

మర్నాటినుంచి బడిలో పాఠం మారింది. చిరుత కనిపిస్తే అరవాలి. అరుస్తూనే నేలను దబదబా తన్నాలి, తోక పైకెత్తాలి. విన్నవాళ్లూ, చూసినవాళ్లూ, అదురు తెలిసినవాళ్లూ అందరూ అలాగే చేయాలి. జాజి ముందు వరుసలో నిలబడి నేర్చుకుంది.

"ఈ తన్నులాటలు మా పిల్లలకెందుకు?" అని కొందరు గొణిగారు. మాస్టారు మాత్రం పాఠం ఆపలేదు.

జాజి పెద్దదైంది. ఒకరోజు తనంతట తనే వెళ్లి కాపలా గుట్ట మీద నిలబడింది. మంద పెద్ద భూపతి మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

"దానికి వినపడదు మాస్టారూ. దాని కాపలాలో మందంతా పోతే? నాకు భయంగా ఉంది."

"నాకూ భయమే. కానీ ఆనాడు దాన్ని బడి బయట నిలబెట్టింది కూడా నా భయమే."

భూపతి ఆలోచించాడు. "సరే. ఆ గుట్ట జాజిది. రెండో గుట్ట మీద ఇంకొకరు ఉంటారు" అన్నాడు.

కొన్నాళ్లకు పెద్ద ఈదురుగాలి లేచింది. మైదానమంతా హోరు. పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడటం లేదు. రెండో గుట్టకు కనపడని వైపు నుంచి వస్తున్న చిరుతను చూసి మాస్టారు అరిచారు. ఆ అరుపు గాలికి కొట్టుకుపోయింది. మంద మేస్తూనే ఉంది.

గుట్ట మీద నుంచి జాజి కూడా చూసింది. అవే కళ్లు! దాని కాళ్లు కొయ్యబారిపోయాయి. అయినా పళ్లు బిగబట్టి ముందుకాలు ఎత్తి నేలను తన్నింది. ఎవరూ చూడలేదు. తోక ఎత్తి మళ్లీ తన్నింది, తన్నుతూనే ఉంది. గుట్ట కింద మేస్తున్న ఒక పిల్లకు గిట్టలు అదిరాయి. అదీ తన్నింది. దాని పక్కది తన్నింది. నేల దబదబమంది. తోకలన్నీ లేచాయి. మందంతా వాగు వైపు పరుగెత్తింది. అందరికంటే చివర్న, కుంటుతున్న తల్లిని ముందుంచుకుని, జాజి వాగు దాటింది.

ఒక్క పిల్లయినా వెనక మిగల్లేదు.

పిల్లలూ, ఆ చిరుత ఇంకా ఆ గడ్డిలోనే ఉంది. దుప్పులకు భయం పోలేదు. జాజికీ పోలేదు. కానీ ఆ భయంలో అది ఇప్పుడు ఒంటరిగా లేదు.

నీతి: అందరికీ అందేలా నేర్పని చదువు, అందరికీ చోటివ్వని పని చివరికి ఎవరినీ కాపాడలేవు.