మంత్రిగారి పరుపు మీద గేదె

కొంగలమెట్ట కింద ఇనుపరాయి ఉందని తెలిసి, తవ్వించాలని రాజుగారు ముచ్చటపడ్డారు. కానీ పక్కనున్న మడుగులో పక్షులుంటే వాటి ఉసురు తగులుతుందని భయం. అందుకే ముందు చూసి చెప్పమని మంత్రి వీరమల్లయ్యను పంపారు.

చలికాలపు పక్షులు దూరదేశాలకు వెళ్లిపోయాక, నడివేసవిలో తీరిగ్గా వచ్చారు మంత్రిగారు. మడుగంతా చూసి, "ఒక్క పిట్ట లేదు. తవ్వేయొచ్చు" అని తేల్చేశారు. రాజుగారు స్వయంగా వస్తున్నారని తెలిసి, ఆ మాట చెప్పడానికి ఎదురెళ్లారు.

మంత్రిగారు తేల్చిన మాట గేదెలు కాసుకునే నూకాలు చెవిన పడింది. మడుగు పోతే పక్షులే కాదు, తన గేదెలూ బతకవు. ఖాళీగా ఉన్న మంత్రిగారి పట్టుగుడారం కనబడగానే మందనంతా అందులోకి తోలేసింది.

రాజుగారిని వెంటబెట్టుకుని మంత్రి తిరిగొచ్చేసరికి, ఆయన పరుపు మీద ఓ గేదె నెమరేస్తోంది.

"ఏమే, కళ్లు నెత్తికెక్కాయా? ఇది నా గుడారం."

"తొంగిచూస్తే ఎవరూ లేరు దొరా. ఇక్కడెవరూ ఉండరని తేల్చేశాను."

"కాస్త బయటికెళితే నాది కాకుండా పోతుందా? తిరిగి రానా?"

నూకాలు రాజుగారికి దండం పెట్టింది. "పక్షులూ అదే అడుగుతున్నాయి మహాప్రభూ."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. తవ్వకం మాట పక్కనపెట్టి, పక్షులు తిరిగొచ్చేదాకా మంత్రిని అక్కడే కనిపెట్టుకుని ఉండమన్నారు.

మంత్రిగారు ఉండటానికి ఒప్పుకున్నారు. పరుపు దిగడానికి గేదే ఒప్పుకోలేదు.