వల్లభయ్య మింగిన మాట

పూర్వం పెన్నేటి ఒడ్డున ఓబళయ్యగారి నాటకమేళంలో వల్లభయ్య అనే నటుడు ఉండేవాడు. ఎదుటివాడి మనసులో పుల్ల పెట్టి, వాడి ముఖం మాడిపోతుంటే చూసి ఆనందించడం అతని దుర్గుణం.

మేళంలో అతనిది భూతం వేషం. రాజును పాపానికి పురిగొల్పే భూతం అది. మిగతా మేళాల్లో భూతాలు కోరలు పెట్టుకుని గంతులు వేసేవి. వల్లభయ్య భూతం అలా కాదు. తెల్లపంచె కట్టుకుని, రాజు వెనకాల నిలబడి, ప్రాణస్నేహితుడిలా మెల్లగా మాట్లాడేది. "చంపు" అని ఒక్కసారైనా అనేది కాదు. ఊరికే ప్రశ్నలు అడిగేది. ఒక్కోసారి రాజు మీద జాలిపడి కన్నీళ్ళు కూడా పెట్టుకునేది. జనం దాన్ని చూసి భయపడేవారు, మళ్ళీ దానికే ముచ్చటపడేవారు.

రాజు వేషం శరభయ్యది. మంచివాడే కానీ ముక్కుమీద కోపం. అతని తమ్ముడు నందయ్య రాణి వేషం కట్టేవాడు. తల్లి చిన్నప్పుడే పోతే, శరభయ్యే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచాడు.

ఒకరోజు ఓబళయ్యగారు నందయ్యనూ వల్లభయ్యనూ పిలిచారు.

"నాకు ఓపిక అయిపోయింది. మేళం పెత్తనం నీకు అప్పగిస్తాను నందయ్యా. మీ అన్న కోపిష్టి. పదిమందిని నడపలేడు" అన్నారు.

నందయ్య చేతులు జోడించాడు. "అన్న ఉండగా నాకెందుకండీ? అన్నకే ఇవ్వండి. కోపం వచ్చినప్పుడు నేను సర్దుకుంటాను" అన్నాడు.

ఓబళయ్యగారు కాసేపు ఆలోచించి, "సరే, అలాగే కానీ. రేపు నేనే శరభయ్యకు చెబుతాను. వల్లభయ్యా, పెద్దవాడివని నిన్ను సాక్షిగా పిలిచాను. అంతవరకూ ఈ మాట బయటికి పొక్కనీయకు" అన్నారు.

ఆ సాయంత్రం శరభయ్య ఏట్లో బట్టలు ఉతుక్కుంటున్నాడు. వల్లభయ్య అటుగా వచ్చాడు.

"గురువుగారు మిమ్మల్ని ఎందుకు పిలిచారు మామా?" అని శరభయ్య అడిగాడు.

"రేపు ఆయన్నే అడుగు" అంటే సరిపోయేది. కానీ వల్లభయ్య నాలుక ఊరుకోలేదు.

"నీ తమ్ముడు బంగారంలాంటివాడురా శరభయ్యా. వాడి మీద కోపం తెచ్చుకోకు" అన్నాడు.

"కోపమెందుకు? ఏం చేశాడు?"

"వాడేం చేశాడు, పాపం! గురువుగారు పెత్తనం వాడికిస్తామన్నారు. నువ్వు పదిమందిని నడపలేవన్నారు. వాడు చేతులు జోడించాడు."

శరభయ్య ముఖం నల్లబడింది. "నాతో ఒక్కమాట కూడా అనలేదే!" అన్నాడు.

"నన్నడిగితే నేనేం చెప్పను?" అని వల్లభయ్య నిట్టూర్చాడు. లోలోపల మాత్రం అతనికి వేషం రక్తికట్టినంత సంతోషం కలిగింది.

అంతలో నందయ్య నవ్వుతూ గట్టు దిగి వచ్చాడు.

"నన్ను తోసి నువ్వు పెద్దవాడివవుతావురా?" అంటూ శరభయ్య తమ్ముడి మీదికి వెళ్ళాడు.

"అది కాదన్నా, నేను..." అంటుండగానే శరభయ్య అతన్ని రెండు చేతులతో నెట్టాడు. నందయ్య తల రేవుబండకు తగిలింది. వల్లభయ్య నోరు తెరిచేలోగా అంతా అయిపోయింది. మూడోనాడు నందయ్య కన్నుమూశాడు.

ఓబళయ్యగారు వల్లభయ్యను నిలదీశారు.

"నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదండీ" అన్నాడు వల్లభయ్య.

"మరి మిగతా సగం ఎందుకు మింగావు? నందయ్య మీద పగా?"

"లేదండీ."

"పెత్తనం మీద ఆశా?"

"అదీ లేదండీ."

"మరెందుకురా?"

వల్లభయ్య ఎంత వెతుక్కున్నా కారణం దొరకలేదు. అందుకే అతనికి తనను చూస్తే తనకే భయం వేసింది.

అతను శరభయ్య దగ్గరికి వెళ్ళి, తమ్ముడు పెత్తనం అన్నకే ఇమ్మన్నాడని చెప్పి ఏడ్చాడు.

"ఆ మాట ఆ వేళే చెప్పాల్సింది మామా" అన్నాడు శరభయ్య. "అయినా, నెట్టిన చేతులు నావే కదా!"

శరభయ్య ఆ రోజే ఊరు విడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. మేళం చెదిరిపోయింది. వల్లభయ్య చాలాకాలం బతికాడు కానీ, అతని పక్కన కూర్చుని మనసువిప్పి మాట్లాడినవాడు మళ్ళీ లేడు.

నీతి: చెడుకు పురిగొల్పేవాడు అబద్ధమే ఆడనక్కరలేదు, నిజంలో సగం దాచినా చాలు; అలా దాచినవాడికీ, ఆ మాట విని చెయ్యి చేసుకున్నవాడికీ పాపం తప్పదు.